ప్రూఫు అక్కయ్య, ఐదు కోటలు

ఆ ప్రెస్సులో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మిషన్ల దగ్గర మోచేతుల దాకా సిరా పూసుకునే వాళ్ళ నుంచి గేటు దగ్గర కునికే వాచ్‌మన్ దాకా అందరికీ ప్రూఫు అక్కయ్యే. కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, ఎర్ర పెన్ను పట్టుకుని, ముప్ఫై నాలుగేళ్ళుగా ఊరి తప్పులన్నీ దిద్దుతోంది. బడి పుస్తకాలు, మందు సీసాల చీటీలు, ఎన్నికల్లో గెలిచినవాళ్ళ ధన్యవాదాలు, ఓడినవాళ్ళ ధన్యవాదాలు, అన్నీ ఆ బల్ల మీదుగానే వెళ్ళాలి. ఓడినవాళ్ళ కరపత్రాల్లోనే అచ్చుతప్పులు ఎక్కువుంటాయని ఆవిడ పరిశోధన.

ఆవిడ చదివే పద్ధతి కూడా వేరు. మొదటిసారి అందరిలాగే చదివేది. రెండోసారి ఆఖరి మాటతో మొదలుపెట్టి, ఒక్కో మాటే పట్టుకుంటూ వెనక్కి వచ్చేది. ఎందుకలా అంటే, "ముందు నుంచి చదివితే అర్థం చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందయ్యా. అది లాగుతుంటే కాలి కింద గుంట కనబడదు. వెనక నుంచి వస్తే అర్థం ఉండదు, అక్షరాలే ఉంటాయి. అక్షరాలు అబద్ధం ఆడవు" అనేది.

అలాంటి మనిషి చేతుల మీదుగానే ఆ వార్షిక నివేదిక బయటికి పోయింది. పెద్ద కంపెనీ, మెరిసే కాగితం, మొదటి పేజీలో వేలెడంత అక్షరాలు: "ఈ ఏడాది మన సంస్థ లోభాలు రెట్టింపయ్యాయి."

లాభాలు అని ఉండాలి. దీర్ఘం ఉండాల్సిన చోట ఓత్వం వచ్చి కూర్చుంది. ఆ కంపెనీ ఛైర్మన్ నిండు సభలో కళ్ళజోడు సవరించుకుని మరీ ఆ వాక్యం పైకి చదివాడట. అందులో తప్పేమీ లేదని పనివాళ్ళు చాలామంది అన్నారు కానీ, ఛైర్మన్‌గారికి ఆ అభిప్రాయం నచ్చలేదు. మర్నాడే ఆ కంపెనీ పని ఇంకో ప్రెస్సుకు వెళ్ళిపోయింది.

ఆ రోజు చిన్నబాబు ఆవిడ నెత్తి మీద నిలబడి, అరగంటలో మిషను ఎక్కాలని తొందరపెట్టాడు. చిన్నబాబంటే యజమాని కొడుకు. పెద్దాయన మంచం పట్టాక ప్రెస్సు అతని చేతికొచ్చింది. నిక్కర్లేసుకున్న రోజుల్లో ఆవిడ బల్ల కింద దూరి కాగితపు పడవలు చేసుకున్నవాడే. ఆ తొందరలో ఆవిడ రెండోసారి చదవలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. కానీ ఆవిడ ఆ మాట ఎత్తలేదు. సంతకం తనది, తప్పూ తనదే. నెపం ఇంకొకరి మీద పెట్టడం ఆవిడ ఇంటా వంటా లేదు.

చిన్నబాబు కేకలు వేసినా బాగుండేది. జాలిపడ్డాడు. "మీ తప్పు కాదు అక్కయ్యగారూ, వయసు. కళ్ళు అలిసిపోయాయి. ఇక నుంచి తప్పులు కంప్యూటర్ చూసుకుంటుంది, మీరు పార్సిల్ కౌంటర్లో హాయిగా కూర్చోండి" అన్నాడు. రెండు నెలలు పొట్లాలకు దారం కట్టించి, ఒక పొద్దున కవరు చేతిలో పెట్టాడు. "స్వచ్ఛంద విరమణ కాగితం. నెలాఖరుకల్లా సంతకం పెట్టి ఇస్తే మిగతావన్నీ నేను చూసుకుంటాను."

ఆవిడ ఇంటికొచ్చి కవరు తెరిచింది. మొదటి వరుసలో 'స్వచ్ఛంద' దగ్గర చ కింద ఛ ఒత్తు సరిగ్గానే ఉందని చూసుకుంది. అంతకు మించి చదవలేకపోయింది. కళ్ళు నిండిపోయాయి. కాగితం మడిచి సొరుగులో పెట్టేసింది.

ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. భర్త పోయి తొమ్మిదేళ్ళు. అత్తగారికి ఎనభై రెండు, చెవులు రెండూ సెలవు తీసుకున్నాయి. "దానికి కళ్ళు లేవంటున్నారు, నాకు చెవులు లేవు. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి, ఇంకా పళ్ళు లెక్క చూసుకోవాలి" అని పక్కింటావిడతో అనేసింది. కోడలికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ ఆదివారం తమ్ముడొచ్చాడు. నలభై ఆరేళ్ళ మనిషి, ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. వాళ్ళింటి అటక సర్దుతుంటే దొరికిందని, పాత సామాన్లవాడికి వెయ్యబోతూ ఒక సంచీ చూపించాడు. అందులో వాడి చిన్ననాటి వీడియో గేమ్, రెండు రిమోట్లు, ఐదు క్యాసెట్లు. లాంతరువాడి ఆట, ఐదు భాగాలు. చేతిలో లాంతరు పట్టుకున్న ఒక బుల్లి మనిషి కోటల్లో పడి దూకుతూ, దొంగలెత్తుకుపోయిన వెలుగును వెతుక్కుంటూ పోతాడు. భాగానికో కోట. వాటి అడుగున అట్ట చిరిగిన నోటుపుస్తకం ఒకటి కనబడింది. అందులోది ఆవిడ చేతిరాత.

ఆ రోజుల్లో ఆట ఆపేటప్పుడు తెర మీద ఇరవై నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. మర్నాడు వాటిని పొల్లు పోకుండా కొడితే ఆట ఆగినచోటు నుంచి మొదలయ్యేది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే మళ్ళీ మొదటికే. రిమోటు తమ్ముడిది, పుస్తకం అక్కది. తనకూ ఒకసారి ఇవ్వరా అంటే, "నువ్వు రాయవే అక్కా, ఆడటం నీకు రాదు" అనేవాడు పన్నెండేళ్ళ వెధవ. అప్పటికే ప్రెస్సులో ఉద్యోగం చేస్తున్న అక్క నోరు మూసుకుని రాసేది. నాలుగు భాగాలు పూర్తయ్యేదాకా రాసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఐదో భాగం వచ్చేసరికి ఆవిడకు పెళ్ళయిపోయింది.

"ఐదోది పూర్తి చేశావా?" అని అడిగింది.

"అది ఎవడివల్లా కాదక్కా. ఆఖరి కోటలో ఎటు పోయినా మళ్ళీ గేటు దగ్గరికే వస్తాం. క్యాసెట్‌లోనే ఏదో లోపం ఉంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. సంచీ ఇక్కడ పెట్టి వెళ్ళు."

"నీకెందుకే? ఈ వయసులో, ఆ కళ్ళతో..."

వాడు మాట సగంలో మింగేశాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. లేచి సొరుగు లాగి, కవరు తీసి వాడి ముందు ఊపింది. "ఇదిగో, నెలాఖరుకి ఇరవై తొమ్మిది రోజులుంది. ఐదు కోటలూ నేనే దాటతాను. వరసగా, ఎవరి సాయం లేకుండా. దాటలేకపోతే నా కళ్ళూ చేతులూ అయిపోయాయని ఒప్పుకుని దీని మీద సంతకం పెడతా. దాటితే మాత్రం చిన్నబాబు కాదు, వాళ్ళ తాత దిగొచ్చినా పెట్టను."

"ఆటకీ ఉద్యోగానికీ ఏంటే సంబంధం?"

"సంబంధం ఉందో లేదో నేను చెప్తా. కళ్ళు నావి."

అత్తగారికి ఇందులో సగం వినబడింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆడనీరా" అని తీర్పు చెప్పేసింది.

పార్సిల్ కౌంటరు పని రెండింటికి అయిపోతుంది. మూడింటికల్లా ఆవిడ టీవీ ముందు పీట వేసుకునేది. క్యాసెట్ అడుగున ఉఫ్ఫని ఊది, నొక్కి, టీవీ నెత్తిన ఒకటి చరిస్తే కానీ బొమ్మ వచ్చేది కాదు. మొదటి భాగం నాలుగు రోజుల్లో అయిపోయింది. ఫర్వాలేదే అనుకుంది. ఆ అనుకోవడమే తప్పయింది.

రెండో భాగంలో గాలిలో తేలే పలకలుంటాయి. లాంతరువాడు ఒకదాని మీంచి ఒకదాని మీదికి దూకాలి. కొన్ని నిలుస్తాయి, కొన్ని కాలు పెట్టగానే కూలిపోతాయి. ఆవిడ దూకింది, పడింది. దూకింది, పడింది. ఏడు రోజులు అదే కథ. బొటనవేలు బొబ్బెక్కితే ప్యాకింగు టేపు చుట్టుకుంది. తమ్ముడు రోజూ ఫోను చేసి "ఎంతదాకా వచ్చావక్కా?" అని అడుగుతాడు, ఆ గొంతులో నవ్వు దాచుకోవడం కూడా చేతకాదు వాడికి. ఎనిమిదో రోజు ఆవిడ రిమోటు విసిరికొట్టింది. వెళ్ళి సొరుగు తెరిచి, పెన్ను కూడా తీసింది.

"ఏమే, పాపం ఆ అబ్బాయిని అక్కడ గోతిలో వదిలేసి పోయావేం?" అంది అత్తగారు వెనక నుంచి.

"చచ్చాడులెండి అత్తయ్యా. నావల్ల కాదు."

"చస్తే మళ్ళీ వస్తున్నాడుగా. వాడికి లేని సిగ్గు నీకెందుకు?"

ఆవిడ పెన్ను పక్కన పెట్టి మళ్ళీ పీట మీద కూర్చుంది. ఈసారి దూకలేదు. లాంతరువాడిని ఒడ్డున నిలబెట్టి, పలకల్ని మాత్రమే చూసింది. ఇన్నాళ్ళూ తను మనిషి వెంట పరుగెత్తుతోంది, వాడు ఎటు పోతే కళ్ళు అటే పోతున్నాయి. ఇదీ అర్థం చెయ్యి పట్టుకుని లాగడమే కదా! పావుగంట చూసేసరికి విషయం బయటపడింది. కూలిపోయే పలక అంచున ఒక చిన్న గీత తక్కువ. అంతే, తలకట్టు ఊడిపోయిన అక్షరంలా ఉంది. అది కనబడ్డాక ఇంకేముంది, ఆ సాయంత్రమే రెండో కోట కూలింది.

మూడోది, నాలుగోది పడుతూ లేస్తూ గడిచాయి. రోజూ మధ్యాహ్నం పడుకునే అత్తగారు ఆట చూడటానికి ఆ నిద్ర మానేసింది. మందులు తెచ్చిచ్చే కుర్రదానితో కూడా "మా అబ్బాయి నిన్న గబ్బిలాల గదిలో ఇరుక్కున్నాడమ్మా" అని చెప్పుకుని బాధపడింది. నోటుపుస్తకంలో పాత రాత అయిపోయిన పేజీ తర్వాత ఆవిడ కొత్త అక్షరాలు రాసుకుంటూ పోయింది. మొట్టమొదటిసారి, తన ఆట కోసం తను.

ఇరవై ఏడో రోజున ఐదో భాగంలో ఆఖరి కోట గేటు ముందుకొచ్చి నిలబడింది. తమ్ముడు చెప్పింది నిజమే. లోపల గది తర్వాత గది, గదికి ఆరు తలుపులు, తలుపు మీద ఒక గుర్తు: చేప, తాళంచెవి, ఆకు, చంద్రుడు, గద్ద, మళ్ళీ చంద్రుడు. గేటు పక్క గోడ మీద పన్నెండు గుర్తులు వరసగా చెక్కి ఉన్నాయి. ఆ వరసలోనే తలుపులు తీసుకుంటూ పోయింది. పన్నెండో తలుపు తియ్యగానే మళ్ళీ గేటు ముందు పడింది. మర్నాడూ అంతే.

ఇరవై తొమ్మిదో రోజు ఆదివారం. తమ్ముడు స్వయంగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్పానా? ఆ వరసలో నేను వందసార్లు పోయాను. క్యాసెట్ లోపమే" అన్నాడు, మహా తృప్తిగా.

ఆవిడ గోడ మీది గుర్తులు మళ్ళీ మొదటి నుంచి చూసుకుంది. రేపు పొద్దున చిన్నబాబు కవరు అడుగుతాడు.

అత్తగారు టీవీ దగ్గరికి ముఖం పెట్టి అడిగింది. "ఆ గోడ మీద రాతలు ఎవరు రాశారే?"

"ముందు ఎవరో కోటలోకి వెళ్ళినవాళ్ళు రాసి ఉంటారు అత్తయ్యా."

"ఏమిటీ?"

"లోపలికి, వెళ్ళినవాళ్ళు!"

"లోపలికి వెళ్ళేవాడికి దారేం తెలుస్తుందే, గోడలు చెక్కడానికి? బయటపడ్డవాడు చెక్కుంటాడు."

ఆవిడ రిమోటు ఒళ్ళో పెట్టుకుని అత్తగారి వైపు తిరిగింది. బయటపడ్డవాడు! మొదట తీసిన తలుపు మొదట రాస్తాడు, ఆఖరి తలుపు ఆఖర్న రాస్తాడు. లోపలికి పోయేవాడు ఆఖరి గుర్తుతో మొదలుపెట్టి వెనక్కి చదవాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా అన్నం పెట్టిన పద్ధతి గోడ మీద రాసి ఉంటే రెండు రోజులుగా ముందు నుంచి చదువుతోంది! తన మీద తనకే కోపం వచ్చింది. ఆ నివేదిక రోజు చేసిన తప్పే మళ్ళీ చేసింది.

వాడిన ప్రూఫు కాగితం ఒకటి తిరగేసి, పన్నెండు గుర్తులూ వెనక నుంచి ఒక్కొక్కటే దింపుకుంది. పదో దాని దగ్గర ఆగింది. అది చంద్రుడు. కానీ వరసలో ముందున్న చంద్రుడు కాదు. దీనికి కడుపులో ఒక చుక్క ఉంది, సున్నలో చిక్కుకున్న చీమంత.

"ఒరే, చంద్రుళ్ళు రెండు రకాలని తెలుసా నీకు?"

"ఎక్కడ?" తమ్ముడు లేచి, కళ్ళు చికిలించి, ఫోను తీసి వెలుగు కూడా వేశాడు. "నాకేం కనబడట్లేదే."

"కనబడదులే. వయసు" అంది ఆవిడ.

ఆకు, గద్ద, మచ్చలేని చంద్రుడు, చేప... ఒక్కో తలుపూ తెరుచుకుంటోంది. మచ్చ ఉన్న చంద్రుడి వంతు వచ్చేసరికి రెండు చంద్రుడి తలుపుల్లో చుక్క ఉన్నదేదో చూసుకుంది. నొక్కింది. పన్నెండో తలుపు తెరుచుకోగానే గేటు రాలేదు. పెద్ద హాలు, నడుమ ఎత్తు మీద దివ్వెలా వెలుగు. లాంతరువాడు పరుగెత్తి దాన్ని అందుకున్నాడు.

తమ్ముడు చిన్నపిల్లాడిలా చెయ్యి చాచాడు. "అక్కా, అక్కా, ఒక్కసారి రిమోటు ఇవ్వవే! ఆఖరిది నేను..."

ఆవిడ నోటుపుస్తకం తీసి వాడి చేతిలో పెట్టింది. "నువ్వు రాసుకో."

అత్తగారు చప్పట్లు కొట్టింది. తెర మీద నక్షత్రాలు రాలుతుండగా ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు వచ్చాయి, అభినందనలని. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఒకసారి చదివింది. అలవాటుగా వెనక నుంచి ఇంకోసారి చదివింది. ఆ పొడుగు మాటలో రెండు అక్షరాలు ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి. ఆట తయారుచేసినవాళ్ళు చూడలేదు, అమ్మినవాళ్ళు చూడలేదు, ఇన్నేళ్ళుగా గెలిచినవాళ్ళలో ఎవరు చూశారో మరి. ఆవిడ ఎర్ర పెన్ను మూత తీసి టీవీ అద్దం మీదే ఆ రెండక్షరాల చుట్టూ తారుమారు గుర్తు పెట్టేసింది.

"టీవీ పాడు చేశావేమే!" అంది అత్తగారు.

"బాగుచేశానత్తయ్యా."

పెన్ను మూత ఇంకా చేతిలోనే ఉంది. ఆ ఊపులోనే లేచి సొరుగు తెరిచి, నెల రోజులుగా చదవని కాగితం విప్పింది. ఈసారి కళ్ళు నిండలేదు. కింద సంతకం గీత దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మాటే వెనక్కి వచ్చింది. మూడో పేరా మధ్యలో ఆగి, మొదట నమ్మలేదు. తర్వాత నవ్వింది. ఆ నవ్వుకు అత్తగారికి కూడా చెవులు వచ్చాయి.

మర్నాడు చిన్నబాబు గదిలోకి వెళ్ళి కాగితం బల్ల మీద పెట్టింది.

"హమ్మయ్య, పెట్టేశారా అక్కయ్యగారూ!" అంటూ అతను అందుకున్నాడు. సంతకం గీత ఖాళీగా ఉంది. పైన మాత్రం ఎర్ర సున్న చుట్టి ఉంది.

"మూడో పేరా పైకి చదవండి బాబూ."

"ముప్ఫై నాలుగేళ్ళుగా సంస్థకు మీరు అందించిన విలువైన..." అతను ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "...విలువైన సెలవులకు కృతజ్ఞతలు."

సేవలకు అని ఉండాలి. అద్దం తలుపు అవతల కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఫక్కున నవ్వి నోరు మూసుకుంది.

"కంప్యూటర్ చూసిందే..." అన్నాడు చిన్నబాబు.

"దానికి సేవలూ మాటే, సెలవులూ మాటే. లాభాలూ మాటే, లోభాలూ మాటే. అది ఆ రోజు ఉన్నా వదిలేసేదే బాబూ. నేను వదలకూడదు, వదిలాను. తప్పు నాదే. మీరు నెత్తి మీద నిలబడితే ముందు నుంచి చదివేసి ఇచ్చాను. ఇంకెప్పుడూ అలా ఇవ్వను. ఎవరు నిలబడినా సరే."

అతను కాగితం వంకే చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "సరే. తప్పు దిద్ది మళ్ళీ కొట్టిస్తాను. అప్పుడు సంతకం పెడతారా?"

"పెట్టను. స్వచ్ఛందం అని మీరే రాశారు, అందులో ఒత్తు కూడా సరిగ్గా ఉంది. నా ఇష్టం లేనిది స్వచ్ఛందం ఎలా అవుతుంది?"

"మరి ఇదంతా దిద్దడం దేనికండీ?"

"తప్పున్న కాగితం ఇంట్లో ఉంటే నాకు నిద్రపట్టదు" అంది ఆవిడ. "పార్సిల్ కౌంటర్‌కి ఎవరినైనా చూసుకోండి."

అతను ఏమంటాడో వినడానికి ఆగలేదు. కిటికీ పక్క బల్ల మీద ఎవరో అట్టపెట్టెలు పేర్చారు. వాటిని ఒక్కొక్కటే దింపి నేల మీద పెట్టింది. దుమ్ము చీరకొంగుతో తుడిచి, కుర్చీ లాక్కుంది. వెనక అడుగుల చప్పుడైంది. చిన్నబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు. చేతిలో ఒక ప్రూఫుల కట్ట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎప్పటికి కావాలి?" అంది ఆవిడ తలెత్తకుండా.

"అరగంటలో..." అని, అతను నాలిక కరుచుకున్నాడు. "మీరు ఎప్పుడిస్తే అప్పుడే."

ఆవిడ ఎర్ర పెన్ను మూత తీసి, కట్ట తిరగేసి, ఆఖరి పేజీలో ఆఖరి మాట మీద వేలు పెట్టింది.